రిటైరయ్యే నాటికి ఆరోగ్య బీమా మన సొంత పేరున ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రైవేటు కంపెనీల్లో పనిచేసి 58 ఏళ్లకు రిటైరయ్యే వాళ్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనా ప్రచురించమని కోరుతున్నాను.

నేను విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో, అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. జీతాలు, పీఎఫ్‌తో పాటు ఉద్యోగుల గ్రూపు ఆరోగ్య బీమా కాగితాలు కూడా నా చేతుల మీదుగానే వెళతాయి. ప్రతి నెలాఖరుకి బీమా కంపెనీకి రెండు జాబితాలు పంపుతాం. కొత్తగా చేరినవాళ్ల పేర్లు అడిషన్ లిస్టులో ఉంటాయి. మానేసినవాళ్ల పేర్లు, రిటైరైనవాళ్ల పేర్లు డిలీషన్ లిస్టులో ఉంటాయి. రిటైరైన మనిషికి అందరం కలిసి శాలువా కప్పుతాం, వెండి గ్లాసు చేతికిస్తాం, ఫొటోలు దిగుతాం. ఆ నెలాఖరుకే ఆయన పేరూ ఆయన భార్య పేరూ డిలీషన్ లిస్టులో టైపు చేసేది నేనే. ఆ మెయిల్ వెళ్లాక వాళ్ల దగ్గరున్న కార్డు చెల్లదు. ఆ సంగతి వాళ్లకి ఎవరూ రాతపూర్వకంగా చెప్పరు.

మా స్టోర్స్ సూపర్‌వైజర్‌గా చేసిన పెద్దాయన రిటైరైన కొన్ని నెలలకి ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ చేశారు. "అమ్మా, కార్డు మీద మార్చి దాకా తేదీ ఉంది కదా, ఇక్కడేమో చెల్లదంటున్నారు, నువ్వొకసారి మాట్లాడు" అన్నారు. వాళ్లావిడకి మోకాలి చిప్ప మార్పిడి ఆపరేషన్. కార్డు మీద ఉండేది గ్రూపు పాలసీ ముగిసే తేదీ, ఆయన పేరు పాలసీలో ఉన్నట్టు అది రుజువు కాదు. ఈ మాట ఆ డెస్క్ దగ్గర నిలబడి ఉన్న మనిషికి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. తర్వాత ఆయన సొంతంగా పాలసీ కోసం తిరిగారు. ఆయనకి షుగరుంది, గుండెలో స్టెంట్ ఉంది. ఒక కంపెనీ ప్రపోజల్ (పాలసీ దరఖాస్తు) తిప్పి పంపింది. ఇంకో కంపెనీ ఇస్తానంది. కానీ పాత జబ్బులకు మూడేళ్ల వెయిటింగ్ (అప్పటిదాకా వాటి ఖర్చు ఇవ్వరు), మోకాళ్ల ఆపరేషన్‌కి రెండేళ్లు ఆగాలి, ప్రతి బిల్లులో 20 శాతం సొంతంగా పెట్టుకోవాలి అని షరతులు పెట్టింది. చివరికి ఆవిడ ఆపరేషన్ పీఎఫ్ డబ్బులతోనే జరిగింది.

ఇలాంటి వాళ్లు ఎందరో ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగులకు రిటైరయ్యాక కూడా హెల్త్ స్కీమ్ ఉంటుంది. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ ఉంది. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి రిటైరైతే ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం కొనసాగించుకోవచ్చు. నెలకి కాదు, ఏడాదికి 120 రూపాయలు. మా కంపెనీలో ఈ మాట చెబితే చాలామంది నమ్మలేదు. ఇక 70 ఏళ్లు దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇస్తామని 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవకి అర్హత ఉన్నవాళ్లు దాన్ని తప్పక వాడుకోవాలి. నా బాధంతా జీతం 21 వేలు దాటి, ఈఎస్‌ఐ పోయి, కంపెనీ గ్రూపు పాలసీ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్ల గురించి. వాళ్లకి 58కీ 70కీ మధ్య పన్నెండేళ్లు ఉన్నాయి. ఒంట్లో ఒక్కొక్కటీ బయటపడే వయసది. పెన్షనా అంటే, పీఎఫ్ ఆఫీసు వాళ్లు 15 వేల జీతం మీదే లెక్క కడతారు. 35 ఏళ్ల సర్వీసు ఉన్నా నెలకి 7,500 దగ్గర ఆగిపోతుంది.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే. కంపెనీ పాలసీ ఉండగానే, 50 ఏళ్ల ప్రాంతంలో, మన పేరున వేరే పాలసీ తీసుకోవాలి. "కంపెనీ ఇస్తుంటే ఇంకోటి దండగ కదా మేడం" అని నాతో చాలామంది అన్నారు. దండగ కాదు. సొంత పాలసీలో పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఆ గడువు ఎప్పుడో ఒకప్పుడు గడవాల్సిందే. ఉద్యోగంలో ఉన్నప్పుడు గడిస్తే, ఆలోగా వచ్చే ఖర్చు గ్రూపు పాలసీ భరిస్తుంది. రిటైరయ్యాక మొదలైతే ఆ మూడేళ్లూ మన జేబే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. నాకిప్పుడు 57. మేము సొంత పాలసీలు తీసుకున్నది నాకు 51, మా వారికి 54 ఏళ్లున్నప్పుడు. అప్పటికే ఆయనకి షుగరు. ఫారం నింపేటప్పుడు ఏజెంటు, "మేడం, షుగర్ సంగతి రాయొద్దు, టెస్టులు లేకుండా పాస్ చేయిస్తాను, ప్రీమియం కూడా తగ్గుతుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన వేసుకునే మెట్‌ఫార్మిన్ పేరు, ఎన్ని ఎం.జి., రోజుకి ఎన్నిసార్లు, ఏ ఏడాది నుంచి వాడుతున్నారు అన్నీ ఫారంలో రాయించాను. నింపిన ఫారం ఫొటో తీసి దాచాను. రక్తపరీక్షలకి పంపారు. ప్రీమియం మీద అదనంగా లోడింగ్ వేశారు. కట్టాం. అప్పట్లో పాత జబ్బులకి నాలుగేళ్ల దాకా వెయిటింగ్ పెట్టేవాళ్లు. ఆ గడువు తీరకముందే షుగర్ వల్ల ఆయన కాలికి పుండు పడి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఆ బిల్లు మా గ్రూపు పాలసీ కట్టింది. ఇప్పుడు ఆ నాలుగేళ్లూ అయిపోయాయి. వచ్చే ఏడాది డిలీషన్ లిస్టులో నా పేరూ ఆయన పేరూ చేరినా, ఆయన షుగర్‌కి సంబంధించిన చికిత్సకి సొంత పాలసీ ఉంటుంది.

షుగరో బీపీయో దాచి పాలసీ తీసుకోవడం ఎంత ప్రమాదమో రోజూ క్లెయిమ్ కాగితాలు చూసే నాబోటివాళ్లకి బాగా తెలుసు. ఆసుపత్రిలో చేరిన రోజు డాక్టరు కేస్ షీట్‌లో "షుగర్ పదేళ్లుగా ఉంది" అని ఒక్క ముక్క రాస్తే చాలు, బీమా కంపెనీవాళ్లు ప్రపోజల్ ఫారం బయటికి తీసి, అందులో చెప్పలేదని క్లెయిమ్ కొట్టేస్తారు. ఏజెంటు చెప్పాడు అంటే వినరు, సంతకం మనది. అన్నీ చెప్పి తీసుకున్నవాళ్లకి మాత్రం చట్టం అండగా ఉంది. పాలసీ ఆపకుండా 60 నెలలు కడితే ఆ తర్వాత "నువ్వు ఫలానాది చెప్పలేదు" అని క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు, మోసం రుజువైతే తప్ప. ఇంతకుముందు ఇది 8 ఏళ్లుండేది, 2024 ఏప్రిల్ నుంచి 5 ఏళ్లు చేశారు. అప్పుడే పాత జబ్బుల వెయిటింగ్ కూడా మూడేళ్లకి మించకూడదన్నారు.

65 ఏళ్లు దాటినవాళ్లకి కూడా పాలసీలు అందుబాటులో ఉంచాలని కూడా అదే ఏడాది నిబంధన మార్చారు. దాన్ని చూసి కొందరు "ఇంకేం, ఎప్పుడైనా తీసుకోవచ్చు" అని నిశ్చింతగా ఉన్నారు. ఇది చాలా పెద్ద పొరపాటు. ఆ వయసువాళ్లకి పాలసీలు ఉండాలన్నారు గానీ, అడిగిన ప్రతి ఒక్కరికీ ఇచ్చి తీరాలని అనలేదు. రిపోర్టులు చూసి కాదనే హక్కు కంపెనీకి అలాగే ఉంది. మా స్టోర్స్ ఆయన ప్రపోజల్ తిరిగొచ్చింది వయసు వల్ల కాదు, స్టెంట్ వల్ల.

ఇక ఏ పాలసీ తీసుకోవాలి అన్నది. అందరూ మొదట అడిగేది ప్రీమియం ఎంత అని. నేను మొదట చూసేది రూమ్ రెంట్, అంటే ఆసుపత్రి గదికి రోజుకి ఎంత దాకా ఇస్తారన్నది. దీన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే డిశ్చార్జ్ రోజు ఎక్కువ గొడవలు దీని మీదే జరుగుతాయి. మీ పాలసీ 3 లక్షలు, రూమ్ రెంట్ అందులో 1 శాతం, అంటే రోజుకి 3 వేలు అనుకోండి. మీరు 6 వేల గదిలో ఐదు రోజులున్నారు. గది బిల్లు 30 వేలు, సగమే ఇస్తారు, 15 వేలు మనం పెట్టుకుందాం అనుకుంటారు. అక్కడితో ఆగదు. డాక్టర్ల ఫీజులు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. అవి 1,20,000 అయితే 60 వేలే వస్తాయి. మందులు, టెస్టులు 70 వేలైతే అందులో ఈ కోత ఉండదు. మొత్తం బిల్లు 2,20,000. కంపెనీ ఇచ్చేది 1,45,000. గది తేడా 15 వేలే, చేతి నుంచి పడింది 75 వేలు. అందుకే రూమ్ రెంట్ పరిమితి లేని పాలసీయో, కనీసం సింగిల్ ఏసీ రూమ్ అని రాసి ఉన్న పాలసీయో తీసుకోమంటాను. పరిమితి ఉన్న పాలసీయే చేతిలో ఉంటే, ఆసుపత్రిలో చేరేటప్పుడే "ఇంత లోపు గది ఇవ్వండి" అని అడగాలి.

తర్వాత చూడాల్సింది కో-పే, అంటే ప్రతి బిల్లులో మనం సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా. 60 దాటాక చేరేవాళ్లకి 20 శాతం కో-పే పెట్టే పాలసీలున్నాయి. ప్రీమియం తక్కువగా కనిపించేది చాలాసార్లు అందుకే. 4 లక్షల బిల్లుకి 80 వేలు మనం కట్టాలి. కంటి శుక్లాలు, మోకాళ్లు, హెర్నియా లాంటి వాటికి ఇంతకి మించి ఇవ్వం అనే సబ్-లిమిట్లు కూడా చదవాలి. రిటైరైన వయసులో వచ్చేవే ఇవి. మాకు చుట్టుపక్కల ఏ ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) ఉందో కూడా చూసుకున్నాం. రాత్రి పూట గుండె నొప్పి వస్తే గాజువాక నుంచి పరిగెత్తేది ఎక్కడికో మాకు తెలుసు కదా, ఆ ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయో లేదో చూశాం.

భార్యాభర్తలకి కలిపి ఫ్లోటర్ తీసుకోవాలా, విడివిడిగానా అని కూడా చాలామంది అడుగుతారు. ఫ్లోటర్‌లో ప్రీమియం ఇద్దరిలో పెద్దవాళ్ల వయసు మీద లెక్క కడతారు, ఒకే మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. 30 ఏళ్లవాళ్లకి అది బాగుంటుంది. మా వయసులో, ఒకరికి షుగర్ ఉన్నప్పుడు, విడిగా తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. మేము చెరో 5 లక్షలకి తీసుకుని, పైన సూపర్ టాప్-అప్ పెట్టుకున్నాం. ఏడాదిలో బిల్లులన్నీ కలిపి 5 లక్షలు దాటితే టాప్-అప్ పనిచేస్తుంది. 20 లక్షలకి ఒకే పాలసీ తీసుకోవడం కన్నా ఇది బాగా తక్కువలో వస్తుంది.

అంత స్తోమత లేనివాళ్లకి ఆరోగ్య సంజీవని అనే పాలసీ ఉంది. 2020 నుంచి అన్ని కంపెనీలూ అమ్మాల్సిన ప్రామాణిక పాలసీ అది. షరతులు ఎక్కడైనా ఒకటే. 5 శాతం కో-పే, రూమ్ రెంట్ పాలసీ మొత్తంలో 2 శాతం, రోజుకి గరిష్ఠంగా 5 వేలు. షరతులు ఒకటే కాబట్టి ప్రీమియం ఎవరిది తక్కువో, మన ఊళ్లో ఆసుపత్రులు ఎవరికి ఎక్కువో చూసుకుంటే సరిపోతుంది. ఏ పాలసీ లేకపోవడం కన్నా ఇది వందరెట్లు నయం.

ప్రీమియం బరువు నాకు తెలియనిది కాదు. మా ఇద్దరి పాలసీలకి ఏడాదికి కట్టేది నా ఒక నెల జీతం కన్నా ఎక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు, అది నిజంగా పెద్ద ఊరట. 60 దాటినవాళ్లకి ఏడాదిలో 10 శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకి చెప్పింది. అయినా ఏటా 10 శాతం చొప్పున పెరిగితే ఏడెనిమిదేళ్లలో రెట్టింపవుతుంది. అందుకే రిటైరయ్యేవాళ్లకి నేనొక లెక్క చెబుతుంటాను. పీఎఫ్ డబ్బు రాగానే అందులోంచి కొంత సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. 55 దాటి రిటైరైనవాళ్లు ఆ డబ్బు అందిన మూడు నెలల్లోపు అయితే 60 నిండకపోయినా చేరొచ్చు. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ లెక్కన 6 లక్షల మీద ఏడాదికి 49,200 వస్తుంది. ఆ వడ్డీని ప్రీమియం కోసమే అట్టిపెట్టుకోవాలి, పండగ ఖర్చులకి ముట్టుకోకూడదు. పన్ను మినహాయింపు కోసం మాత్రం ఆశపడకండి. ఆరోగ్య బీమా ప్రీమియానికి ఇచ్చే 80డి మినహాయింపు ఆదాయపు పన్ను పాత పద్ధతిలో ఉన్నవాళ్లకే, కొత్త పద్ధతిలో లేదు.

"మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేరు, వాళ్ల కంపెనీ పాలసీలో మా పేర్లున్నాయి" అనేవాళ్లు మా కాలనీలో చాలామంది. మంచిదే, ఉన్నన్నాళ్లు వాడుకోండి. కానీ ఆ అబ్బాయి కంపెనీ మారినా, ఉద్యోగం పోయినా అక్కడ కూడా నాలాంటి ఒకరు డిలీషన్ లిస్టు టైపు చేస్తారు. పిల్లలు ఉద్యోగం మారాలనుకున్నప్పుడు అమ్మానాన్నల బీమా గుర్తొచ్చి వెనక్కి తగ్గకూడదు.

ఇప్పటికే 57లో ఉన్నవాళ్లు, రేపోమాపో రిటైరయ్యేవాళ్లు ఏం చేయాలి? వాళ్లకీ ఒక దారి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. గ్రూపు పాలసీలో ఉన్న ఉద్యోగి, కుటుంబ సభ్యులతో సహా, అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే హక్కు ఉంది. మైగ్రేషన్ అంటారు. గ్రూపులో ఎన్నేళ్లున్నారో ఆ కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో తగ్గిస్తారు. బీమా కంపెనీ వైద్య పరీక్షలు అడగొచ్చు, ప్రీమియం మన వయసుకి తగ్గట్టు ఉంటుంది. కానీ సున్నా నుంచి మొదలు కానక్కరలేదు. అయితే పాలసీలో పేరు ఉండగానే అడగాలి, రిటైర్మెంట్‌కి రెండు మూడు నెలల ముందే హెచ్‌ఆర్ ద్వారా రాతపూర్వకంగా అడగాలి. సొంత పాలసీ ఉండి బీమా కంపెనీ సేవ నచ్చనివాళ్లు వేరే బీమా కంపెనీకి పోర్ట్ కావచ్చు, అంటే పాలసీని అక్కడికి మార్చుకోవచ్చు, రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. అన్యాయంగా క్లెయిమ్ కొట్టేస్తే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, మన రాష్ట్రానికి కూడా అదే. ముందు బీమా కంపెనీకి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా అక్కడికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు.

ఈ ఉత్తరం ద్వారా ఇద్దరిని అడగదలచుకున్నాను. ఒకటి, కంపెనీల యాజమాన్యాలని. ఉద్యోగికి 50 నిండిన ఏడాది, మళ్లీ 57 నిండిన ఏడాది ఒక కాగితం ఇవ్వండి. ఫలానా తేదీ నుంచి కంపెనీ బీమా ఉండదు, ఈలోగా ఇవి చేసుకోవచ్చు అని తెలుగులో ఒక్క పేజీ. మా ఆఫీసులో మేనేజర్ గారిని అడిగి ఈ మధ్యే అలాంటి పేజీ ఒకటి నేనే టైపు చేశాను, జీతం స్లిప్పుతో పాటు ఇస్తున్నాం. కంపెనీకి అయిన ఖర్చు జిరాక్స్ ఖర్చే.

రెండోది, ఐఆర్‌డీఏఐని. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే. కంపెనీల నుంచి డిలీషన్ లిస్టు అందగానే అందులో ఉన్న ప్రతి మనిషికీ "మీ కవరు ఫలానా తేదీతో ఆగిపోతుంది, వ్యక్తిగత పాలసీకి మారాలంటే ఇన్ని రోజుల్లోగా ఇలా చేయండి" అని వాళ్ల భాషలో మెసేజ్ పంపడం బీమా కంపెనీలకి తప్పనిసరి చేయాలి. మేము పంపే ఎక్సెల్ షీట్‌లో ప్రతి ఉద్యోగి ఫోన్ నంబరూ ఒక గడిలో ఉంటుంది. అయినా నేను చూసినంతలో ఒక్కరికీ అలాంటి మెసేజ్ రాలేదు. పాలసీతో పాటు ఇచ్చే వివరాల పత్రం, అదే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్, అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలని నిబంధన ఉంది. అడిగితే కాదు, అడగకుండానే తెలుగులో ఇవ్వాలి. వెయిటింగ్ పీరియడ్ ఎంత, రూమ్ రెంట్ ఎంత, కో-పే ఎంత అన్నవి ఆ పత్రంలోనే ఉంటాయి. మా స్టోర్స్ ఆయనకి ఇంగ్లీషు రాదు, తెలుగు పేపరు మాత్రం ఆసాంతం చదువుతారు.

ఇట్లు,
ఒక ప్రైవేటు ఉద్యోగిని,
గాజువాక, విశాఖపట్నం.